పాత ఆర్కేడ్ క్యాబినెట్‌లో కంప్యూటర్ అమర్చదలిచాను: పిక్చర్ ట్యూబు ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. ఏళ్ల తరబడి ఒక గిడ్డంగి మూలన గుడ్డ కప్పుకుని నిలబడి ఉన్న ఇద్దరు ఆటగాళ్ల ఆర్కేడ్ క్యాబినెట్ ఒకటి ఇటీవల నాకు దక్కింది. లోపల ఆట బోర్డు లేదు. ఎవరో ఎప్పుడో ఊడదీసుకుపోయారు. బోర్డుకు తగిలించే జామా కనెక్టరు మాత్రం వైర్ల కట్టతో సహా చెక్కుచెదరకుండా వేలాడుతోంది. ఒక్కొక్క ఆటగాడికి ఒక జాయ్‌స్టిక్, మూడేసి బటన్లు ఉన్నాయి. మానిటర్ పాత పిక్చర్ ట్యూబుదే. కరెంటు ఇచ్చి చూస్తే ట్యూబు మెడ దగ్గర సన్నని ఎర్రటి వెలుగు కనిపించింది, చిన్నగా చిటపటమనే చప్పుడు వచ్చింది. బోర్డు లేదు కనుక బొమ్మ వస్తుందో రాదో తెలియదు. భయం వేసి వెంటనే ఆపేశాను. పైన ఆట పేరు ఉండే పలక వెనకాల ట్యూబ్‌లైటు వెలగడం లేదు. కింది అంచున పార్టికల్ బోర్డు తేమకు ఉబ్బిపోయి, గోటితో గీస్తే పొడి రాలుతోంది.

నా దగ్గర వాడకుండా పక్కన పెట్టిన డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. నాలుగు కోర్ల ప్రాసెసరు, 8 జీబీ మెమరీ. దాన్ని ఇందులో అమర్చి, ప్యాక్‌మ్యాన్ కాలం నుంచి తొంభైల తొలినాళ్ల పోరాట ఆటల వరకు ఇంట్లో నిలబడి ఆడుకోవాలన్నది నా కోరిక. టంకం పెట్టడం, మల్టీమీటరు వాడడం వచ్చు. వడ్రంగం అంతంత మాత్రం. మానిటర్ లోపలి సర్క్యూట్ల జోలికి ఎన్నడూ పోలేదు.

ఈ విషయం మీద చదివిన కొద్దీ అయోమయం పెరుగుతోంది. ట్యూబును తీసి ఎల్‌సీడీ పెట్టమని సగం మంది, అలా చేస్తే మహాపాపమని మిగతా సగం మంది అంటున్నారు. కంప్యూటర్ నుంచి వచ్చే బొమ్మను ఈ పాత మానిటర్‌కు ఇవ్వడం అసలు సాధ్యమేనా? ఉన్న వైర్ల కట్టను వాడుకోవచ్చా, లేక అంతా పీకేసి కొత్తగా వేయాలా? ఆరు బటన్లు కావాల్సిన ఆటల కోసం ప్యానెల్‌కు రంధ్రాలు చేయవచ్చా? ముందుగా ఏ పని మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు చెబితే ఆ వరుసలోనే వెళ్తాను.

మొదటి జవాబు

మీరు చేయవలసిన మొదటి పని ఏ పనీ చేయకపోవడమే. రంపం, డ్రిల్లు, కటింగ్ ప్లయరు ఈ మూడింటినీ ఒక నెల పాటు పెట్టె దగ్గరికి రానివ్వకండి. నేను మొదట మార్చిన క్యాబినెట్‌లో రెండో రోజే వైర్లన్నీ కత్తిరించి పడేశాను. అదే కట్టకు ఒక్క అడాప్టరు తగిలిస్తే పని మొత్తం ఒక పూటలో అయిపోయేదని తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి. రేపు ఎవరైనా అసలు బోర్డు తెచ్చి తగిలిస్తే మళ్లీ పాత ఆటే నడిచేలా, కంప్యూటరును అతిథిగా లోపలికి పిలవడం ఉత్తమం. మీ కేసులో అది సాధ్యమే, ఎందుకంటే జామా కట్ట మిగిలి ఉంది.

జామా అనేది 1985లో జపాన్ ఆర్కేడ్ పరిశ్రమ సంఘం పెట్టిన కనెక్టరు ప్రమాణం. ఒక్కో వైపు 28 చొప్పున మొత్తం 56 స్థానాలు ఉంటాయి. కరెంటు, మూడు రంగుల వీడియో, సింక్ (గీతలూ బొమ్మలూ ఎప్పుడు మొదలవ్వాలో మానిటర్‌కు చెప్పే సంకేతం), స్పీకరు, కాయిన్ స్విచ్చులు, ఇద్దరు ఆటగాళ్ల జాయ్‌స్టిక్‌లు, మూడేసి బటన్లు అన్నీ ఈ ఒక్క అంచు మీదుగానే వెళ్తాయి. ప్రతి స్విచ్చుకూ ఒక కొస గ్రౌండుకు కలిసి ఉంటుంది, నొక్కినప్పుడు రెండో కొస కూడా గ్రౌండు అవుతుంది. అంతకు మించిన మాయ ఏదీ లేదు. ఈ అంచుకు సరిపడే అడాప్టరు బోర్డులు దొరుకుతాయి. అల్టిమార్క్ వారి జే-పాక్ వాటిలో బాగా పేరున్నది. అది ఒక వైపు జామా కనెక్టరులోకి దూరి, మరో వైపు యూఎస్‌బీ ద్వారా కంప్యూటరుకు కీబోర్డులా కనిపిస్తుంది, వీడియోను కూడా తన మీదుగానే పంపుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. బొమ్మను ఇవ్వడం సాధ్యమే, కానీ మూడు తేడాలను దాటాలి. మొదటిది వేగం: అప్పటి ఆర్కేడ్ మానిటర్లలో ఎక్కువ భాగం సెకనుకు సుమారు 15,700 గీతలు గీస్తాయి, అంటే 15.7 కిలోహెర్ట్జ్, కంప్యూటర్ వీజీఏ అవుట్‌పుట్ కనీస వేగమే 31.5 కిలోహెర్ట్జ్, సరిగ్గా రెట్టింపు. రెండోది బలం: కంప్యూటర్ ఒక్కో రంగుకు 0.7 వోల్టుల సంకేతం ఇస్తుంది, ఆర్కేడ్ మానిటర్ అంతకంటే చాలా ఎక్కువ ఆశిస్తుంది కనుక నేరుగా కలిపితే బొమ్మ చీకట్లో ఉన్నట్టు వస్తుంది. మూడోది సింక్: కంప్యూటర్ అడ్డ సింక్‌ను, నిలువు సింక్‌ను విడివిడిగా పంపుతుంది, జామా కట్టలో రెండూ కలిసి ఒకే తీగ. బలాన్నీ సింక్‌నూ జే-పాక్ చూసుకుంటుంది. పైగా కంప్యూటర్ స్టార్టయ్యేటప్పుడు వచ్చే 31 కిలోహెర్ట్జ్ తెరను మానిటర్ వరకు పోనివ్వకుండా ఆపుతుంది. ఆ వడపోత లేకపోతే పాత మానిటర్ ఆ కొద్ది క్షణాలూ కీచుమంటుంది, కొన్ని దెబ్బతింటాయి కూడా. వేగం సంగతి మాత్రం గ్రాఫిక్స్ కార్డు దగ్గరే తేల్చుకోవాలి. అనలాగ్ అవుట్‌పుట్ ఉన్న పాత ఏఎండీ రేడియన్ కార్డు ఒకటి సంపాదించి, విండోస్ మీద సీఆర్‌టీ ఈము డ్రైవర్, దానితో పాటు గ్రూవీమేమ్ (పాత ఆట బోర్డులను కంప్యూటర్‌లో అనుకరించే మేమ్ అనే ఎమ్యులేటరుకు ట్యూబుల కోసం చేసిన రూపం) వేసుకుంటే, ఏ ఆటకు ఆ ఆట అసలు రిజల్యూషన్, అసలు వేగం తానే కుదురుతాయి. లినక్స్ అలవాటుంటే గ్రూవీఆర్కేడ్ అని ఇదే పని కోసం తయారైన పంపిణీ ఉంది.

భద్రత గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. ట్యూబు పక్కన రబ్బరు మూత కింద ఉన్న కొస మీద 20,000 వోల్టులకు పైగా ఉంటుంది, కరెంటు తీసేశాక కూడా చాలాసేపు నిలిచి ఉండవచ్చు. అంతకంటే తక్కువ మందికి తెలిసిన ప్రమాదం మరొకటి ఉంది. ఆ కాలపు మానిటర్ చాసిస్‌లు, అంటే ట్యూబును నడిపే సర్క్యూటు బోర్డులు, చాలావరకు నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటాయి కనుక, క్యాబినెట్ అడుగున మెయిన్స్‌తో ఆ నేరు సంబంధాన్ని తెంచే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు విడిగా తప్పనిసరి. మీ పెట్టెలో అది ఉందో, ఎవరైనా పీకేశారో ముందు చూడండి. అది లేని మానిటర్‌కు కంప్యూటరును కలిపితే కంప్యూటర్ మొత్తానికీ మెయిన్స్ తగులుతుంది. మీరు విన్న చిటపట వట్టి ధూళి వల్ల కావచ్చు, ఎండిపోయిన కెపాసిటర్ల వల్లా కావచ్చు. ట్యూబు టీవీలు బాగుచేసిన చేయి ఒకటి వెతికి, చాసిస్ మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్పించండి. ఈ ఒక్క పనిని పుస్తకం చూసి నేర్చుకోవద్దు. ట్యూబు మెడకు చిన్న దెబ్బ తగిలినా శూన్యం పోయి మొత్తం వృథా అవుతుందని కూడా గుర్తుంచుకుని, పెట్టెను పడుకోబెట్టి తరలించేటప్పుడు వెనక వైపు ఏదీ తాకకుండా చూడండి.

రెండో జవాబు

పై జవాబులో సాంకేతికంగా తప్పేమీ లేదు, కానీ అది ట్యూబు మీద ప్రేమతో రాసిన జవాబు అని చదివేవారు గ్రహించాలి. నాకు ఆ ప్రేమ లేదు. ట్యూబు మానిటర్‌ను బాగుచేసేవారు ఏటేటా తగ్గిపోతున్నారు, విడిభాగాలు దొరకడం కష్టమవుతోంది, పైగా ప్రశ్న అడిగినవారు తమంతట తామే ఆ సర్క్యూట్ల జోలికి పోలేదని చెప్పారు. కెపాసిటర్లు మార్చినా బొమ్మ రాకపోతే, లేదా వచ్చినా పాత ఆట తెర ఆకారం గాజు మీద శాశ్వతంగా ముద్రపడి ఉంటే, ఎల్‌సీడీకి మారడంలో తప్పు లేదు. ఒక్క మాటలో మాత్రం ఆయనతో ఏకీభవిస్తాను: మార్చినా కోయకండి. ట్యూబు బిగించి ఉన్న నాలుగు బోల్టుల దగ్గరే రెండు అడ్డపట్టీలు బిగించి, వాటి మీద 100×100 మిల్లీమీటర్ల వెసా రంధ్రాలకు (తెర వెనక ఉండే ప్రామాణిక బిగింపు రంధ్రాలు) సరిపడే పలక అమర్చితే, చెక్కకు ఒక్క కొత్త రంధ్రం కూడా పడదు. తీసిన ట్యూబును చాసిస్‌తో సహా గాజు కిందికి ఉండేలా మెత్తటి దాని మీద ఆనించి భద్రపరచండి; పనిచేయని ట్యూబైనా సరే, అలాంటిదే వెతుకుతున్నవారు ఎక్కడో ఉంటారు.

ఎల్‌సీడీ ఎంపికలో అందరూ చేసే పొరపాటు వెడల్పాటి తెర కొనడం. ఈ ఆటలన్నీ 4:3 నిష్పత్తికి గీసినవి. పాత 20 అంగుళాల 1600×1200 తెర ఒకటి దొరికితే, ఆ పెట్టె కోసమే పుట్టినట్టు సరిపోతుంది. 19 అంగుళాల 1280×1024 తెర 5:4 నిష్పత్తిలో ఉంటుంది కానీ పైనా కిందా సన్నని నల్లటి పట్టీలతో సర్దుకుపోవచ్చు. ఏ వైపు నుంచి చూసినా రంగులు పెద్దగా మారని ఐపీఎస్ రకం ప్యానెల్ అయితేనే తీసుకోండి. చవకైన టీఎన్ ప్యానెళ్లను వాలుగా బిగించి నిలబడి పైనుంచి చూస్తే రంగులు మారిపోతాయి, నిలువు ఆటల కోసం తెరను పక్కకు తిప్పితే మరీ అన్యాయం. ప్యాక్‌మ్యాన్ తెర 224 అడ్డం, 288 నిలువు పిక్సెళ్లది, అసలు పెట్టెలో మానిటర్‌ను నిలువుగా బిగించేవారు. మీ మానిటర్ అడ్డంగా ఉంది కనుక, ట్యూబు అయినా ఎల్‌సీడీ అయినా నిలువు ఆటలు మధ్యలో ఇరుకుగా కనిపిస్తాయి. దీనికి మందు లేదు, తిరిగే బిగింపు చేసుకుంటే తప్ప.

ట్యూబు ప్రేమికులు సరిగ్గా పట్టుకున్న విషయం ఒకటుంది, అది ఒప్పుకోవాలి. ఆనాటి ఆటలన్నీ సెకనుకు కచ్చితంగా 60 బొమ్మలతో నడవలేదు. ప్యాక్‌మ్యాన్ 60.6 హెర్ట్జ్, ఆర్-టైప్ 55, మోర్టల్ కాంబాట్ 54.7. ఆఖరి దాన్ని మామూలు 60 హెర్ట్జ్ ఎల్‌సీడీ మీద నడిపితే, ఆట పది శాతం దాకా వేగంగా పరుగెత్తాలి, లేదా మధ్యమధ్య ఒకే బొమ్మను రెండుసార్లు చూపి కుదుపు తేవాలి. ఫ్రీసింక్ వంటి మారే వేగం ఉన్న తెర తీసుకుంటే ఈ బాధ పోతుంది. కానీ అలాంటి తెరలు దాదాపు అన్నీ వెడల్పాటివే. కనుక మీరు దేనికి రాజీపడతారో మీరే తేల్చుకోవాలి.

మూడో జవాబు

తెర గురించి పెద్దలిద్దరూ చెప్పారు. నేను చేతుల గురించి చెబుతాను, ఎందుకంటే ఆడేవారికి పది నిమిషాల తర్వాత గుర్తుండేది చేతి కింద ఉన్న వస్తువే.

ప్యానెల్‌కు రంధ్రాలు చేయవద్దు. ఉన్న ప్యానెల్‌ను ఊడదీసి, దాని కొలతలతోనే మరో ప్యానెల్ కొత్తగా చేయించి, దానికి ఆరేసి బటన్లు పెట్టుకోండి. రెండింటినీ ఒకే రకం మల్టీపిన్ ప్లగ్గుతో కలుపుకుంటే, ఈరోజు మూడు బటన్ల ప్యానెల్, రేపు ఆరు బటన్ల ప్యానెల్ అని ఐదు నిమిషాల్లో మార్చుకోవచ్చు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 కూడా జామా కట్టతో ఇదే ఇబ్బంది పడింది: గుద్దులకు మూడు బటన్లు జామా అంచు మీదుగా వెళ్తే, తన్నులకు మూడు బటన్లు బోర్డు మీద వేరే కనెక్టరు నుంచి విడి వైర్లతో వచ్చేవి. మీరూ ఆ మూడింటినీ జే-పాక్ మీది అదనపు స్క్రూ టెర్మినళ్లకు తెచ్చుకోవచ్చు.

బటన్లలో రెండు సంప్రదాయాలు ఉన్నాయి. జపాన్ పద్ధతివి 30 మిల్లీమీటర్ల రంధ్రంలో నొక్కితే టక్కున కూర్చునేవి, తేలికగా పలుకుతాయి, కానీ అవి పలుచని లోహపు ప్యానెల్ కోసం చేసినవి. మందపాటి చెక్కలో వాటి చెవులు పట్టవు. అమెరికా పద్ధతివి సుమారు 28 మిల్లీమీటర్ల రంధ్రంలో దూరి వెనక నట్టుతో బిగుసుకుంటాయి, మందపాటి చెక్కకు ఇవే తగినవి. ఉన్న బటన్లు బిగుసుకుపోయాయని పారేయకండి. సాధారణంగా చెడేది కింది మైక్రోస్విచ్చే, ప్లాస్టిక్ శరీరం సబ్బునీళ్లలో కడిగితే కొత్తదవుతుంది.

జాయ్‌స్టిక్ విషయంలో చాలామంది నిరాశపడే చోటు ప్యాక్‌మ్యాన్. అది నాలుగు దిక్కుల ఆట, మీ జాయ్‌స్టిక్ బహుశా ఎనిమిది దిక్కులది. మలుపు దగ్గర చేయి ఏ కొంచెం ఏటవాలుగా పోయినా రెండు స్విచ్చులు ఒకేసారి నొక్కుకుని పసుపు ముద్ద గోడకు అతుక్కుపోతుంది, ఆడేవారు ఎమ్యులేటరును తిడతారు. జాయ్‌స్టిక్ అడుగున రెస్ట్రిక్టర్ ప్లేటు అనే బిళ్ల ఉంటుంది. చాలా రకాల్లో దాన్ని ఊడదీసి తిప్పి బిగిస్తే నాలుగు దిక్కులకు మారుతుంది. రెండో ఆటగాడి స్టిక్కును ఎనిమిది దిక్కులకే ఉంచి, మొదటిదాన్ని నాలుగుకు మార్చుకుని కొన్నాళ్లు ఆడిచూడండి.

పాత కీబోర్డును విప్పి దాని సర్క్యూటుకు బటన్లు టంకం పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కీబోర్డు లోపల మీటలన్నీ అడ్డ వరుసలు, నిలువు వరుసలుగా అల్లి ఉంటాయి. ఒకే గడిలో మూడు మూలలు నొక్కుకుంటే నొక్కని నాలుగో మీట కూడా నొక్కినట్టు చెబుతుంది, లేదా నొక్కినది వినిపించుకోదు. ఇద్దరు ఆటగాళ్లు చెలరేగినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. ప్రతి బటనుకూ విడి దారి ఉన్న ఎన్‌కోడరే (బటన్ల నొక్కులను కంప్యూటరుకు మీటలుగా చెప్పే జే-పాక్ లాంటి బోర్డు) కావాలి.

ఇంకో చిన్న సంగతి, నన్ను వారం రోజులు ఏడిపించినది. మేమ్‌లో మొదటి ఆటగాడి నాలుగో బటను సహజంగా ఎడమ షిఫ్ట్ మీట. విండోస్‌లో షిఫ్ట్‌ను వరుసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ కిటికీ లేస్తుంది. ఆట ఉత్కంఠలో ఉండగా సరిగ్గా ఐదో దెబ్బకు తెర మాయమయ్యేది. నేనేమో ఎన్‌కోడరును అనుమానించి రెండుసార్లు మార్చాను. సెట్టింగ్స్‌లో ఆ సత్వర మార్గాన్ని ముందే ఆపేయండి.

ప్రశ్న అడిగినవారు

మూడు జవాబులూ చదివాక రెండు వారాలు వైర్లను కదపకుండా ఓపికగా చూశాను. అడుగున ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ఉంది, మీటరుతో చూస్తే రెండు చుట్లకూ మధ్య ఎక్కడా కలవలేదు. జామా కట్టను ఒక్కొక్క తీగగా పరీక్షించాను. అన్నీ సరిగానే ఉన్నాయి, రెండో ఆటగాడి గ్రౌండు తీగ మాత్రం ఎలుక కొరికినట్టుంది, అతికించాను. మానిటర్‌ను ముప్పై ఏళ్లు టీవీలు బాగుచేసిన పెద్దాయన ఒకరికి చూపించాను; కెపాసిటర్లు మారుస్తానని చాసిస్ మాత్రమే తీసుకెళ్లారు. అంటే ట్యూబుతోనే మొదలుపెట్టి, కుదరకపోతే ఎల్‌సీడీ వైపు వెళ్తాను.

ఈలోగా రెండు సందేహాలు. కంప్యూటర్ ఆడియోను జామా కట్టలోని స్పీకరు తీగలకు నేరుగా కలపవచ్చా? అలాగే, పెట్టె వెనకున్న పాత స్విచ్చు ఒక్కటి నొక్కితే అన్నీ వెలిగి, మళ్లీ నొక్కితే అన్నీ ఆరిపోయేలా చేయడం ఎలా?

మొదటి జవాబు ఇచ్చినవారు

కలపకూడదు. జామా ఆట బోర్డులో ఆంప్లిఫయరు బోర్డు మీదే ఉంటుంది. ఆ రెండు తీగలూ నేరుగా స్పీకరుకే వెళ్తాయి. కంప్యూటర్ ఆకుపచ్చ సాకెట్ నుంచి వచ్చేది హెడ్‌ఫోన్ బలమే కనుక, మధ్యలో 12 వోల్టులతో నడిచే చిన్న ఆంప్లిఫయరు బోర్డు పెట్టండి. దాని అవుట్‌పుట్‌లోని మైనస్ తీగను గ్రౌండుకు కలపవద్దు. ఈ చిన్న బోర్డులు చాలావరకు స్పీకరు రెండు కొసలనూ తామే నడుపుతాయి, ఒకదాన్ని గ్రౌండు చేస్తే కాలిపోతాయి. స్పీకరు ఒక్కటే ఉంది కాబట్టి ఎడమ, కుడి తీగలను ముడివేయకుండా, కంప్యూటర్ సెట్టింగ్స్‌లోనే ధ్వనిని మోనోకు మార్చుకోండి. స్పీకరు మార్చదలిస్తే, ట్యూబు పక్కన మామూలు స్పీకరు అయస్కాంతం రంగులను పాడుచేస్తుంది, కవచం ఉన్న రకం తీసుకోండి.

స్విచ్చు సంగతి సగం తేలిక, సగం కష్టం. కంప్యూటర్ బయోస్‌లో కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే ఐచ్ఛికం ఉంటుంది. దాన్ని ఎప్పుడూ ఆన్ కావాలని పెడితే, పాత స్విచ్చు వేయగానే అన్నీ లేస్తాయి. ఆర్పడం మాత్రం అదే స్విచ్చుతో చేయకండి, నడుస్తున్న కంప్యూటరుకు కరెంటు లాగేస్తే ఏదో ఒకరోజు ఫైళ్లు పాడవుతాయి. నా పెట్టెలో చేసిన ఏర్పాటు ఇది: కాయిన్ డోర్ లోపల ఒక చిన్న నొక్కుడు బటను పెట్టి, దాని తీగలను మదర్‌బోర్డు మీది పవర్ స్విచ్చు పిన్నులకు కలిపాను. కంప్యూటర్ సరఫరాలోని 12 వోల్టులతో ఒక రిలే నడుస్తుంది, ఆ రిలే మానిటర్‌కూ పై లైటుకూ మెయిన్స్ ఇస్తుంది. కంప్యూటర్ లేస్తే అవి లేస్తాయి, అది పద్ధతిగా పడుకుంటే అవీ ఆరిపోతాయి. రిలే మెయిన్స్ వైపు కొసలు చేతికి తగలని మూసిన డబ్బాలో ఉండాలి, పెట్టెలోని లోహ భాగాలన్నింటికీ ఎర్తింగ్ ఉండాలి. పెట్టెలో ముందే ఉన్న పాత పవర్ సప్లై 5 వోల్టులను, కంప్యూటర్ 5 వోల్టులను ఎక్కడా కలపకండి. గ్రౌండు మాత్రమే కలవవచ్చు.

కంప్యూటరును డబ్బాతో సహా లోపల పడేయకుండా, మదర్‌బోర్డును స్టాండాఫ్‌లు అనే చిన్న ఊతకాళ్ల మీద ఒక ప్లైవుడ్ పలకకు బిగించి, ఆ పలకను పక్క గోడకు ఉన్న పాత బోర్డు స్థానంలో నిలబెట్టండి. కింద గాలి వచ్చే దారి, పైన వేడి పోయే దారి ఈ పెట్టెలకు ముందే ఉంటాయి. వాటి జాలీలను శుభ్రం చేస్తే చాలు.

నాలుగో జవాబు

సాఫ్ట్‌వేర్ మాట ఎవరూ వివరంగా ఎత్తలేదు కనుక నేను ఎత్తుతున్నాను. 1997 ఫిబ్రవరిలో నికోలా సాల్మోరియా మొదటి విడత విడుదల చేసిన మేమ్ నేటికీ ఈ పనికి పునాది. 2016 నుంచి అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాని లక్ష్యం వేగం కంటే కచ్చితత్వం కనుక, కొత్త విడతలు పాతవాటి కంటే బరువుగా ఉంటాయి. అయినా మీరు కోరుతున్న కాలపు రెండు కొలతల (2డీ) ఆటలకు నాలుగు కోర్ల యంత్రం ధారాళంగా సరిపోతుంది. తొంభైల చివరి మూడు కొలతల (3డీ) ఆటలకు ఆశపడితే మాత్రం కోర్ల సంఖ్య కంటే ఒక్కో కోరు వేగమే ముఖ్యమని తెలుసుకోండి.

మేమ్ ఉచితం, ఆటలు ఉచితం కావు. ఆట బోర్డు మీది చిప్పుల్లోని ప్రోగ్రాములకు హక్కుదారులు ఉన్నారు. వాణిజ్యేతర వాడకానికి హక్కుదారులు అనుమతించిన కొన్ని ఆటలను మేమ్ వారి సైటే అందిస్తుంది. మిగతావాటికి ప్రచురణకర్తలు కంప్యూటర్ల కోసం విడుదల చేసిన పాత ఆటల సంకలనాలు కొనుక్కోవచ్చు, వాటిలో చాలావరకు మీ ఎన్‌కోడరు మీటలను ఇబ్బంది లేకుండా అంగీకరిస్తాయి. అయితే ఆ సంకలనాలు 31 కిలోహెర్ట్జ్, అంతకు పైబడిన తెరల కోసం చేసినవి. మొదటి జవాబులో చెప్పిన 15 కిలోహెర్ట్జ్ ట్యూబు మీద వాటి అక్షరాలు మెలికలు తిరిగి కనిపిస్తాయి. ట్యూబా, ఎల్‌సీడీనా అని తేల్చుకునేటప్పుడు దీన్నీ లెక్కలో వేసుకోండి.

ఆటల జాబితా చూపే ముందు తెరగా అట్రాక్ట్-మోడ్ వాడుతున్నాను. మౌసు అక్కర లేకుండా జాయ్‌స్టిక్‌తోనే అంతా తిరుగుతుంది, తక్కువ రిజల్యూషన్‌లోనూ చదవగలిగేలా ఉంటుంది. వేల ఆటలు నింపకండి. నా పెట్టెలో నలభై ఉన్నాయి, వచ్చినవారు ఆడేది అందులో ఎనిమిది.

ప్రశ్న అడిగినవారు

మూడు నెలల తర్వాత తిరిగి రాస్తున్నందుకు మన్నించండి. పెట్టె నడుస్తోంది, ట్యూబుతోనే.

చాసిస్ తిరిగొచ్చిన రోజున బొమ్మ వచ్చింది కానీ రెండు పక్కలా కుంచించుకుపోయి, పై భాగం జెండాలా ఊగింది. పెద్దాయన మళ్లీ చూసి, మొదటిసారి వదిలేసిన పెద్ద ఫిల్టరు కెపాసిటరును కూడా మార్చారు. ఆ తర్వాత నిటారుగా నిలబడింది. పాత రేడియన్ కార్డుతో గ్రూవీమేమ్ మొదటిసారి సరైన వేగం పట్టుకున్నప్పుడు, బొమ్మలో గీతల మధ్య నల్లటి సందులు స్పష్టంగా కనిపించాయి. ఎల్‌సీడీ మీద ఫిల్టరు వేసి చూసినదానికీ దీనికీ ఉన్న తేడా మాటల్లో పెట్టలేకపోతున్నాను. రెండో జవాబు ఇచ్చినవారు చెప్పినట్టే ప్యాక్‌మ్యాన్ మధ్యలో ఇరుకుగానే ఉంది, దానికి అలవాటు పడ్డాను. మొదటి స్టిక్కు రెస్ట్రిక్టర్ ప్లేటు తిప్పాక మలుపులు బాగా తిరుగుతోంది. స్టిక్కీ కీస్ ముందే ఆపేశాను.

ఉబ్బిన కింది అంచును కోయలేదు. వదులైన పొడిని బ్రష్షుతో దులిపి, పలుచని ఎపాక్సీని పొరలు పొరలుగా తాగించి, ప్లాస్టిక్ కాగితం అడ్డం పెట్టి రెండు పట్టీల మధ్య రెండు రోజులు బిగించి ఉంచితే దాదాపు అసలు మందానికి వచ్చింది. లోపలి మూలల్లో చెక్క దిమ్మెలు అతికించి, వాటికి ఎత్తు సరిచేసే కాళ్లు బిగించాను. ఇక తడి నేల తగలదు. పై పలక వెనక ట్యూబ్‌లైటు తీసి 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ పెట్టాను, పాత చోక్ మాత్రం డబ్బాలో దాచాను. రిలే ఏర్పాటు మీరు చెప్పినట్టే ఉంది.

ఆరు బటన్ల ప్యానెల్ ఇంకా చేయించలేదు. కాయిన్ స్విచ్చు తీగ వంగిపోయి ఒక నాణేనికి రెండు క్రెడిట్లు పడుతున్నాయి. ఆడేవారెవరూ ఫిర్యాదు చేయడం లేదు కనుక ప్రస్తుతానికి దాన్ని అలాగే వదిలేశాను.